కారు అద్దాలకు సన్‌ఫిల్మ్: నలుపు చూసి కొనకండి

ప్రశ్న: రోజూ మధురవాడ నుంచి గాజువాక వెళ్లొస్తాను. ఏసీ వేసినా అద్దం వైపు చెయ్యి చుర్రుమంటోంది. షాపులో హీట్ ల్యాంప్‌కి ఫిల్మ్ అడ్డంపెట్టి చూపించారు, వేడి అసలు తగల్లేదు. వేయించుకోవచ్చా? చలానా పడుతుందా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఆ ల్యాంప్‌ని చూసి నిర్ణయించుకోకండి. దాన్నుంచి వచ్చేది చాలావరకు పరారుణ (ఐఆర్) కిరణాలే. ఎండలో అవి దాదాపు సగమే. మిగతాదాంట్లో ఎక్కువ భాగం కంటికి కనిపించే వెలుగు, సీటు మీద పడ్డాక అదీ వేడే. అందుకని ‘ఐఆర్ 95 శాతం ఆపుతుంది’ అంటే సరిపోదు, టీఎస్ఈఆర్ ఎంతో అడగండి. మొత్తం సౌరశక్తిలో ఎంత శాతం ఆగుతుందో చెప్పే అంకె అదే. లేత రంగు సిరామిక్ ఫిల్మ్‌కి అది 40 దాటితే మంచి సరుకే.

చవక రంగు ఫిల్మ్ ఎండను పీల్చుకుని అద్దాన్నే వేడెక్కిస్తుంది. బండి కదులుతుంటే బయటి గాలి ఆ వేడిని లాక్కుపోతుంది. జగదాంబ సిగ్నల్ దగ్గర ఆగారా, చాలా భాగం లోపలికే వస్తుంది. కొన్నాళ్లకు ఊదారంగుకు తిరుగుతుంది కూడా. లోహపు పూత ఉన్నది ఎండను తిప్పికొడుతుంది కానీ ఫాస్టాగ్‌కి, జీపీఎస్‌కి అడ్డు రావచ్చు.

ఇక చలానా. కేంద్ర మోటారు వాహనాల నిబంధన 100 ప్రకారం ముందు, వెనక అద్దాల్లోంచి 70 శాతం, పక్కవాటిలోంచి 50 శాతం వెలుగు రావాలి. శాతం ఎంతైనా సరే, ఫిల్మే అతికించకూడదని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. తర్వాత ఫిల్మ్‌కీ చోటిస్తూ నిబంధన మారాక, ఆ పరిమితుల్లో ఉంటే వేసుకోవచ్చని 2024లో కేరళ హైకోర్టు అంది. కానీ ఆ తీర్పుకి మన రాష్ట్రం కట్టుబడనక్కర్లేదు, కాబట్టి ఇక్కడ చలానా పడే అవకాశం ఉంది.

తెలిసే వేయిస్తానంటే లెక్క ఇలా చూడండి. కంపెనీ ఇచ్చిన పక్క అద్దమే 75 శాతం వెలుగును వదులుతుందనుకుందాం. దానిమీద 70 శాతం వెలుగును వదిలే ఫిల్మ్ వేస్తే మిగిలేది 52.5. అదే 50 శాతం ఫిల్మ్ అయితే 37.5కి పడిపోతుంది, గీత దాటినట్టే. ముందు అద్దం జోలికి వెళ్లకండి. రెండు గాజుల మధ్య పొర అతినీలలోహిత కిరణాలను ఎలాగూ దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. పార్కింగ్‌లో దానికి వెండిరంగు షేడ్ పెడితే చాలు.

సముద్రపు తేమకి విశాఖలో ఫిల్మ్ ఆరడం ఆలస్యం. నాలుగైదు రోజులు అద్దాలు దించకండి. మొదట్లో పాలలా మసక కనిపిస్తే అది నీరు, ఆవిరైపోతుంది. దుమ్ము రేణువు మాత్రం అలాగే ఉండిపోతుంది, డెలివరీ తీసుకునే ముందే చూసి మళ్లీ వేయించండి. వెనక అద్దం మీద పాత ఫిల్మ్ ఉంటే బ్లేడుతో గీకనివ్వకండి, అద్దం మీది మసకను పోగొట్టే డీఫాగర్ తీగలు తెగిపోతాయి. తుడవడానికి అమ్మోనియా లేని ద్రావణమే వాడండి.