లిమిట్ పెట్టే ముందు ఓసారి చదువు

అమ్మలూ,

ఆఫీసులో సర్వర్లన్నిటికీ సీపీయూ పంపకాలు నీ చేతికే ఇచ్చారని అన్నయ్య ఫోన్లో చెప్పాడు. గొంతులో ఎంత మురిపెమో! నా పాత కంప్యూటర్ విప్పి స్క్రూలు పోగొట్టినదానివి నువ్వేనా అనిపించింది. కానీ ‘అన్నిటికీ లిమిట్ పెట్టేస్తుందట’ అన్నాడు చూడు, అక్కడ నాకు టెన్షన్ మొదలైంది.

లినక్స్‌లో ప్రోగ్రామ్‌లని గుంపులు కట్టి, గుంపుకింత అని సీపీయూ పంచే సీగ్రూప్ ఉందిగా, దాని రెండో వెర్షనే వాడు. సర్వీసుకో గ్రూపు పెట్టు. పాత విలువలు రాసి ఉంచుకో. ఇవి నీకు తెలిసినవే.

తెలిసినవాళ్లు కూడా బోల్తా పడేది లిమిట్ దగ్గర. లిమిట్ రాసే సీపీయూ.మ్యాక్స్ ఫైల్‌లో ‘200000 100000’ అని మైక్రోసెకన్లలో రాసి రెండు కోర్లు, అంటే సీపీయూలో విడిగా పనిచేసే రెండు భాగాలు, ఇచ్చామనుకుంటాం. లినక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్‌కి ఇక్కడ కోర్లతో పనిలేదు. ప్రతి 100 మిల్లీసెకన్లకి 200 మిల్లీసెకన్ల పని, అంతే. నా పాత ఆఫీసులో ఒకాయన చెల్లింపుల సర్వీసుకి ఇదే పెట్టాడు. మెషిన్‌లో 16 కోర్లున్నాయని చూసి ప్రోగ్రామ్ 16 థ్రెడ్లు, అంటే ఒకేసారి నడిచే పనులు, లేపింది. రిక్వెస్టులు ఒక్కసారి మీద పడితే అన్నీ కలిసి పన్నెండున్నర మిల్లీసెకన్లలో ఆ 200 మిల్లీసెకన్ల కోటా ఊడ్చేసేవి. మిగతా 87.5 మిల్లీసెకన్లు, పక్కన కోర్లు ఖాళీగా ఉన్నా, చేతులు కట్టుకు కూర్చోవడమే. గ్రాఫ్‌లో సగటు చూస్తే కోటాలో పావు వంతు కూడా వాడినట్టుండదు. దాంతో డేటాబేస్‌ని తిట్టారు, నెట్‌వర్క్‌ని తిట్టారు, కొత్త మెషిన్లు కొన్నారు. వాడకం లెక్కలుండే సీపీయూ.స్టాట్ ఫైల్ తెరిచిన నాథుడు లేడు. చివరికి కొత్తగా చేరిన కుర్రాడు తెరిచాడు. కోటా అయిపోయి ఎన్నిసార్లు ఆపారో చెప్పే ఎన్ఆర్_థ్రాటిల్డ్ అంకె చూస్తుండగానే పెరిగిపోతోంది! ఆ పెద్దాయన్ని ఎవరూ ఏమీ అనలేదు. ఆయన మాత్రం ఆ రోజు భోజనానికి కూడా లేవలేదు.

నువ్వు అలా కూర్చోకూడదనే నా బాధంతా. అందుకే ముందు, పోటీ వచ్చినప్పుడు ఎవరి వంతు ఎంతో చెప్పే సీపీయూ.వెయిట్‌తో మొదలుపెట్టు. మామూలుగా 100 ఉంటుంది. ముఖ్యమైనదానికి 400, రాత్రి రిపోర్టులకి 50 ఇచ్చి చూడు. ఇది కాలవ నీళ్ల వంతు లాంటిది, పక్క చేనువాడు వాడుకోకపోతే నీకే పారుతుంది. చాలా సర్వర్ల మీద ప్రోగ్రామ్‌లు నడిపించే కుబర్నెటీస్‌లో ‘రిక్వెస్ట్’ అనే సెట్టింగ్ చేసేది ఈ పనే. డబ్బు కట్టే కస్టమర్‌కి ఇంతే అని కొలిచి ఇవ్వాల్సి వస్తే లిమిట్ పెట్టు, కాదనను. అప్పుడు థ్రెడ్లు కూడా తగ్గించు.

నిజంగా సమయం రిజర్వ్ చేయాలంటే, గడువు చెప్పి సీపీయూ సమయం తీసుకునే డెడ్‌లైన్ షెడ్యూలర్ కెర్నెల్‌లోనే ఉంది. 2014లో 3.14 కెర్నెల్‌తో వచ్చింది. తన దగ్గర లేని సమయం అడిగితే మొదట్లోనే కుదరదని చెప్పేస్తుంది. ఆ ముక్కుసూటితనం నాకిష్టం. రియల్‌టైమ్ పనులకి, అంటే మిగతావాటిని పక్కకి తోసి ముందు నడిచేవాటికి, సీపీయూ సమయంలో 95 శాతం దగ్గర గీత ఉంటుంది, దాన్ని మైనస్ 1 చేసి ఎత్తేయమని ఎవరన్నా ససేమిరా అను. ఒక్క లూప్ ఇరుక్కుంటే లాగిన్ అవడానికి కూడా ఉండకపోవచ్చు.

శుక్రవారం సాయంత్రం ఏదీ ముట్టుకోకు. మొదటి సర్వీసు మార్చాక, గంట తేడాతో రెండుసార్లు సీపీయూ.స్టాట్ కాపీ చేసి నాకు పంపు. అన్నం తిన్నాకే పంపు.

మీ బాబాయ్