కోటింగ్ ఉన్న రైఫిల్ బోల్ట్‌కు గ్రీజు అక్కర్లేదా? నా అనుభవం

డీఎల్‌సీ కోటింగ్ (వజ్రంలా గట్టిగా ఉండే పలుచటి కార్బన్ పూత) వేసిన బోల్ట్ (తూటాను లోపలికి నెట్టి వెనక నుంచి మూసి ఉంచే భాగం) కొన్నారు, అమ్మినాయన "దీనికి ఆయిలే అక్కర్లేదు" అన్నాడు, నమ్మొచ్చా అని అడిగారు. నమ్మకండి. నేను ఆ మాటే నమ్మి ఒక సీజన్ అంతా పొడిగా వాడాను.

నాది .308 తూటా వాడే బోల్ట్ యాక్షన్ (చేత్తో బోల్ట్ లాగి నడిపే) రైఫిల్, టార్గెట్ షూటింగ్‌కే వాడతాను. మొదట్లో బోల్ట్ వెన్నలా కదిలేది. తర్వాత తర్వాత హ్యాండిల్ ఎత్తుతుంటే మధ్యలో ఒకచోట పట్టేయడం మొదలైంది. తూటాల్లో తేడా అనుకున్నాను. ఖాళీగా ఉన్నప్పుడూ అంతే. బోల్ట్ తీసి లైటు కింద చూస్తే లగ్గుల (బోల్ట్‌ను తాళంలా బిగించి పట్టే పొడుచుకొచ్చిన ముక్కల) మీద నల్లటి పూత చెక్కుచెదరలేదు, కానీ దాని మీద వెండిరంగు పొడి సన్నగా అంటుకుని ఉంది. అది బోల్ట్‌ది కాదు. రిసీవర్ (బోల్ట్ కదిలే రైఫిల్ భాగం) లోపల లగ్గులు ఆనే చోట దూది చుట్టిన పుల్లతో తుడిస్తే పోగులు తట్టుకుని అక్కడే ఉండిపోయాయి. అంటే అక్కడి స్టీలు చీరుకుపోయింది. దాన్నే గాలింగ్ అంటారు.

అసలు సంగతి ఇదే: పూత ఒకవైపే ఉంది. బోల్ట్ గట్టిపడింది, రిసీవర్ మామూలు స్టీలుగానే ఉంది. .308లో పేలుడు ఒత్తిడి 62,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాకా వెళ్తుంది, ఆ తోపుడు మోసేది ఆ లగ్గులే. మనం గ్రీజు పెట్టేది కోటింగ్ కోసం కాదు, దాని ఎదురుగా ఉన్న మెత్తని లోహం కోసం.

ఇంకోటి, పాత ఫాస్ఫేట్ పూతకు సన్నటి రంధ్రాలుంటాయి, నూనెను పట్టి ఉంచుతుంది. డీఎల్‌సీ, నైట్రైడ్ లాంటి నున్నటి వాటి మీద నూనె అంతగా నిలవదు. అందుకే లగ్గుల వెనక ముఖాల మీద, హ్యాండిల్ ఎత్తినప్పుడు స్ప్రింగును నొక్కే కాకింగ్ క్యామ్ మీద నేను గ్రీజే వాడతాను, చోటుకి ఆవగింజంత. బోల్ట్ ఒంటికి మాత్రం నూనె అద్దిన గుడ్డతో ఒక్క తుడుపు చాలు. నున్నగా ఉంది కదా తుప్పు పట్టదులే అనుకోవద్దు, పలుచటి పూతల్లో కంటికి కనబడని సూది బెజ్జాలుంటాయి, తేమ అక్కడి నుంచే దిగుతుంది.

బోల్ట్ ముఖం, ఫైరింగ్ పిన్ (తూటాను కొట్టి పేల్చే సూది) ఉండే గొట్టం, ఛాంబర్ (తూటా కూర్చునే గది) పొడిగా ఉండాలి. ఈ విషయంలో నేను చాలా పట్టుదలగా ఉంటాను. పేలినప్పుడు తూటా ఇత్తడి కేసు ఉబ్బి ఛాంబర్ గోడను పట్టుకుంటుంది. అక్కడ నూనె ఉంటే ఆ పట్టు తగ్గి భారం బోల్ట్ మీద ఎక్కువ పడుతుంది. పిన్ గొట్టంలో గ్రీజు చలికి చిక్కబడితే పిన్ దెబ్బ మందగించి తూటా పేలకపోవచ్చు కూడా.

శుభ్రం చేయడానికి ముందు ఛాంబర్, మ్యాగజైన్ ఖాళీ అని కళ్లతో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోండి. మసిని సాల్వెంట్‌లో కాసేపు నాననిచ్చి నైలాన్ బ్రష్‌తో తీయండి. స్టీలు బ్రష్, గరుకు కాగితం, మెటల్ పాలిష్ దగ్గరికి రానివ్వొద్దు. మీది నికెల్ బోరాన్ పూత అయ్యుంటే అమ్మోనియా కలిసిన, రాగి మరకలు తీసే సాల్వెంట్లు కూడా వద్దనేవాణ్ని. అంచుల దగ్గర పూత మెరుపెక్కితే కంగారు పడకండి, రాపిడికి అలా అవుతుంది. గీతలు పడితేనే గన్‌స్మిత్‌కు చూపించండి. నా రిసీవర్‌ను ఆయనే సరిచేశాడు.

ఎన్ని రౌండ్లకోసారి గ్రీజు మార్చాలి అని కూడా అడిగారు. నేను లెక్క పెట్టను. షూటింగ్ అయ్యాక లగ్గు వెనక తెల్లగుడ్డతో తుడిచి చూస్తాను. గ్రీజు బూడిదరంగుకు తిరిగితే పాతది మొత్తం తీసి కొత్తది పెడతాను. మీరైతే మొదటి రోజే, ఒక్క తూటా కాల్చక ముందే పెట్టేయండి.