వ్యాన్‌లో గ్యాస్ వాల్వ్ మార్చాలనుకుంటున్న మేనల్లుడికి

అల్లుడూ,

అనంతపురం నుంచి మీ మామ రాసేది. నువ్వు పంపిన ఫోటోలు చూశాను. పాత ట్రావెలర్ బండిని బాగానే తయారు చేసుకున్నావు. మడత మంచం, చిన్న సింకు, పక్కనే స్టవ్వు, అన్నీ కుదిరాయి. సిలిండర్ పెట్టిన చోటు మాత్రం నాకు నచ్చలేదు. ఆ సంగతికి తర్వాత వస్తా. ముందు నువ్వు అడిగినదానికి జవాబు చెప్తా. వాల్వ్ దగ్గర వాసన వస్తోంది, కొత్తది తెప్పించి నేనే మార్చుకోవచ్చా అన్నావు కదా.

వద్దు. ఆ పనికి స్పానర్ పట్టుకోవద్దు.

నువ్వు చూసిన వీడియోలు అమెరికావి. అక్కడ క్యాంపర్ వ్యాన్‌లో ఉండేది ప్రొపేన్ ట్యాంకు, చాలామందికి అది సొంత వస్తువు. మన దగ్గర సిలిండర్ గ్యాస్ కంపెనీది. మనం కట్టింది డిపాజిట్ మాత్రమే. దాని వాల్వ్ విప్పడం, బిగించడం, టెస్ట్ చేయడం అనుమతి ఉన్న ప్లాంటులోనే జరగాలి. కాబట్టి వాల్వ్ పాడైతే మనం మార్చేది సిలిండర్‌నే. ఏజెన్సీకి ఫోన్ చేస్తే పాతది తీసుకెళ్లి ఇంకొకటి ఇస్తారు. ఇంత సులువుగా తేలే పనికి నువ్వెందుకు ప్రాణం మీదికి తెచ్చుకోవడం?

‘ఖాళీ అయ్యాకే విప్పుతాను మామా’ అంటావేమో. స్టవ్వు ఆరిపోయినంత మాత్రాన సిలిండర్ ఖాళీ అయినట్టు కాదు. లోపల ద్రవం అయిపోతుందంతే, ఆవిరి నిండుగా ఉంటుంది. ఇంటి సిలిండర్ లోపల ముప్పై మూడు లీటర్ల చోటు ఉంది. వాల్వ్ విప్పావంటే ఆ ఆవిరి బయటికొస్తుంది, గాలి లోపలికి పోతుంది. ఆ రెండూ కలిసిన సిలిండర్ నిండు సిలిండర్ కంటే ప్రమాదం.

ఇంకో మాట. వాల్వ్ దగ్గర వాసన వచ్చిందంటే వాల్వే పోయిందని ఎందుకు అనుకుంటున్నావు? నేను చూసినంతలో చాలాసార్లు తప్పు వాషర్‌ది గానీ, రెగ్యులేటర్‌ది గానీ, పైపుది గానీ అయ్యుంటుంది. అసలు గ్యాస్‌కు సొంత వాసన లేదు. లీకైతే తెలియాలని మెర్కాప్టన్ అనే ఘాటు మందు కలుపుతారు. అది గ్యాస్ అంత తొందరగా ఆవిరి కాదు, అందుకే సిలిండర్ అడుగంటేటప్పుడు వాసన ఎక్కువవుతుంది. అలాగని వాసనను తేలిగ్గా తీసుకోవద్దు. సబ్బు నీళ్లతో తేల్చుకో.

బండిని ఆరుబయట ఆపి, తలుపులన్నీ తెరిచి, కాసేపు దూరంగా ఉండు. ఫ్యాను, లైటు, ఇన్వర్టర్ ఏ స్విచ్చూ వేయొద్దు, తీయొద్దు. వాసన పోయాక గ్లాసులో కాస్త గిన్నెల సబ్బు కలిపి, పాత టూత్‌బ్రష్‌తో నురగ చేసి, స్టవ్వు నాబ్‌లు మూసి ఉంచి, రెగ్యులేటర్ ఆన్‌లో పెట్టి దాని అడుగున చుట్టూ పూయి. తొందరపడకుండా చూడు. చిన్న లీకైతే బుడగ ఒక్కటే మెల్లగా ఉబ్బుతూ ఉంటుంది, అది పగిలితే అక్కడే ఇంకోటి లేస్తుంది. అక్కడ వస్తే అనుమానం వాషర్ మీద. ఇప్పుడు రెగ్యులేటర్ ఆఫ్ చేసి, తీసి, వాల్వ్ నోట్లో రెండు చుక్కలు వేసి చూడు. మధ్యలో ఉన్న పిన్ను దగ్గర బుడగలొస్తే అప్పుడు వాల్వ్ పోయినట్టు. తెల్ల ప్లాస్టిక్ మూత టక్కున బిగించి, సిలిండర్‌ను దూరంగా నిలబెట్టి, ఏజెన్సీకి చెప్పు. వాళ్లు పలకకపోతే 1906కు చెయ్యి, గ్యాస్ లీకుల కోసమే ఉన్న నంబరు, రాత్రయినా పలుకుతారు. ఆ మూతను తాడుతో సహా ఉంచుకోమని మీ అమ్మకు ఎన్నిసార్లు చెప్పానో. పోగొట్టేదాకా ఊరుకోలేదు.

వాల్వ్ నోట్లో నల్లటి రబ్బరు రింగు కనపడుతుందే, అదే వాషర్. ఎండకు గట్టిపడి ఒకచోట చిట్లి ఉంటుంది. సిలిండర్ తెచ్చే అబ్బాయి దగ్గర కొత్తవి ఉంటాయి, క్షణంలో వేస్తాడు. నువ్వు పిన్నీసుతో లాగావంటే లోపల గీత పడి కొత్త వాషర్ కూడా నిలవదు.

పైపు మీద రాసిన తేదీ చూసుకో. స్టీలు తీగ ఉన్న నారింజ రంగు సురక్ష పైపే వాడాలి, ఐదేళ్లకు మార్చేయాలి. బండి అదురుకు క్లిప్పు దగ్గర పగుళ్లొస్తాయి. నువ్వు కడప నుంచి రాయచోటికి గువ్వలచెరువు ఘాట్‌లో పోయి వస్తుంటావు కదా, ఆ దారిలో తిరిగిన ప్రతిసారీ ఆ జాయింట్లన్నిటికీ సబ్బు నురగ పూయి. టెఫ్లాన్ టేపు ప్రతి జాయింటుకూ చుట్టేస్తారు కొందరు. రాగి పైపు చివర గరాటు మూతిలా విప్పార్చి బిగించే జాయింటుకు టేపు చుట్టకూడదు, లోహం లోహానికి ఆనితేనే అది పట్టుకుంటుంది.

మీ మెకానిక్ చెప్పిన ఉపాయం మాత్రం వింటేనే నాకు కోపం వచ్చింది. ఆటోల్లో వాడిన పాత ఎల్‌పీజీ ట్యాంకు తెచ్చి, దాని వాల్వ్ మార్చి స్టవ్వుకు కలుపుతాడట! ఆ ట్యాంకు ఇంజిన్ కోసం చేసింది. అడుగునుంచి ద్రవాన్నే లాగి ఇస్తుంది. స్టవ్వుకు కావలసింది పైన ఉండే ఆవిరి. ద్రవం పైపులోకి వచ్చి ఆవిరైతే రెండు వందల రెట్లకు పైగా ఉబ్బుతుంది. ఉగ్గాని, బజ్జీ వేసుకుందామని స్టవ్వు వెలిగిస్తే మంట మనిషంత ఎత్తు లేస్తుంది. ఆయన ఇంజిన్ పని బాగానే చేస్తాడేమో, ఈ పని మాత్రం ఆయనకు ఇవ్వొద్దు.

నీకు 5 కిలోల చిన్న సిలిండర్ చాలు. గుర్తింపు కార్డు చూపిస్తే ఏజెన్సీలో ఇస్తారు, దానికి సరిపడే రెగ్యులేటర్ కూడా అక్కడే తీసుకో. తీసుకునేటప్పుడు పైన పిడికీ ఒంటికీ మధ్య ఉండే పట్టీ లోపలివైపు రాసిన అక్షరం, అంకె చూడు. ఎ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, అలా డి దాకా. పక్కన సంవత్సరం ఉంటుంది. ఆ గడువు దాటిన సిలిండర్ ఇస్తే వద్దని చెప్పు, మొహమాటపడకు.

ఇక చోటు సంగతి. గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే నేలబారుగా పాకి నీ బ్యాటరీ ఉన్న సీటు కిందికే చేరుతుంది. అందుకే సిలిండర్‌కు ఇనుప పెట్టె చేయించు. లోపలివైపు సందు లేకుండా మూసి, తలుపు బయటికి తెరిచేలా పెట్టించు. అడుగున గ్యాస్ దిగిపోయేలా బయటికి రంధ్రం ఉండాలి, దాని కింద సైలెన్సర్ ఉండకూడదు. సిలిండర్ నిలువుగానే ఉండాలి, బెల్టుతో కట్టాలి. గ్యాస్ అలారం పెడితే కాళ్ల ఎత్తున పెట్టు, పైకప్పుకు కాదు. మే నెల ఎండలో తలుపులేసి బండి వదిలేసే అలవాటు ఉంటే సిలిండర్ దించి నీడన పెట్టి పో. బండి కదిలేముందు రెగ్యులేటర్ తీసి మూత పెట్టు. గండికోటలో రాత్రి గాలికి చలేస్తోందని స్టవ్వు వెలిగించి, అద్దాలన్నీ మూసి పడుకోవద్దు. లోపలి గాలి విషమైపోతుంది, దానికి వాసన కూడా ఉండదు.

పెట్టె కొలతలు గీసి పంపు, చూసి చెప్తా. వెల్డింగ్ ఆయన పని మొదలుపెట్టే రోజు సిలిండర్ బండిలో ఉండకూడదు, ఇంట్లో దించేసి పో.

మీ మామ