బుల్లిట్ సినిమా కొందరికి క్లాసిక్, కొందరికి బోర్ ఎందుకు?

రెండు మాటల్లోనూ నిజం ఉందండి. 1968లో పీటర్ యేట్స్ తీసిన ఈ హాలీవుడ్ పోలీస్ సినిమాని చాలామంది కార్ చేజ్ కోసమే పెట్టుకుంటారు, అదేమో దాదాపు గంట గడిస్తే గానీ రాదు, అప్పటిదాకా డిటెక్టివ్ బుల్లిట్‌గా వేసిన హీరో స్టీవ్ మెక్వీన్ పెద్దగా మాట్లాడకుండా హాస్పిటల్ చుట్టూ తిరుగుతుంటాడు, అతను కాపాడాల్సిన సాక్షిని ఎవరు చంపించారు ఎందుకు చంపించారు అనేది కూడా ఎవరూ విడమర్చి చెప్పరు, అందుకే కథ అర్థం కాలేదనే కంప్లైంట్ ఎక్కువ.

కానీ ఆ చేజ్ ఉంది చూశారూ! శాన్‌ఫ్రాన్సిస్కో ఎత్తుపల్లాల రోడ్ల మీద హీరో ఆకుపచ్చ మస్టాంగ్ కారు, హంతకుల నల్ల డాడ్జ్ చార్జర్ కారు, దాదాపు 11 నిమిషాలు. చేజ్ ఊపందుకోగానే లాలో షిఫ్రిన్ మ్యూజిక్ ఆగిపోతుంది, ఇక ఇంజన్ మోత, టైర్ల అరుపులే, నా లెక్కలో సినిమా ప్రాణమంతా అక్కడే ఉంది. ఎడిటర్ ఫ్రాంక్ కెల్లర్‌కి ఆస్కార్ కూడా వచ్చింది. ఒకే ఆకుపచ్చ ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారుని మళ్లీ మళ్లీ దాటేస్తారని, చార్జర్‌కి ఉన్న చక్రాలకంటే ఊడిపోయే వీల్ క్యాప్‌లే ఎక్కువని తప్పులు పట్టేవాళ్లూ ఉన్నారు, అవి నిజమే, ఒకే సీన్‌ని వేరే వేరే కెమెరాల నుంచి మళ్లీ వాడటం వల్ల వచ్చినవి.

నాకైతే ఆ నెమ్మది కూడా నచ్చింది. రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి.