సర్కారీ ల్యాబ్ కొలువు: మీ సందేహాలు, మా జవాబులు

కేంద్ర పరిశోధన సంస్థలో పనిచేస్తున్నాను. ముప్పై లక్షల మైక్రోస్కోపు కోసం పెట్టిన ఇండెంట్ (కొనిపెట్టమని కోరే పత్రం) నెలల తరబడి సెక్షన్ల మధ్య తిరుగుతూనే ఉంది. చిక్కు ఎక్కడుంటుంది?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

పర్చేజ్ సెక్షన్‌ను తిట్టుకునే ముందు మీ స్పెసిఫికేషన్ పేజీ మళ్లీ చదవండి. చాలా ఫైళ్లు అక్కడే ఇరుక్కుంటాయి. ఒక కంపెనీ కేటలాగ్‌లోని అంకెలు దించేస్తే మిగతా కంపెనీలు బిడ్లు వేయకముందు జరిగే ప్రీ-బిడ్ సమావేశంలోనే అభ్యంతరం చెబుతాయి, ఫైలు మొదటికొస్తుంది. 40ఎక్స్ లెన్సుకు న్యూమరికల్ అపర్చర్ (లెన్సు ఎంత వెలుతురు పోగుచేస్తుందో చెప్పే అంకె) ‘0.95’ అని బిగించి రాయకండి. మీ పనికి 0.9 చాలితే ‘0.9 లేదా అంతకు మించి’ అనండి. ఒక్కరే తయారుచేసే పరికరమైతే ప్రొప్రయిటరీ సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ‘ఇదే మేలైనది’ అంటే ఆర్థిక విభాగం ఒప్పుకోదు. ఏ కొలత ఇంకే పరికరంతోనూ రాదో, ఎందుకు రాదో రాయాలి.

2025 జూన్‌లో శాస్త్ర సంస్థలకు కొనుగోలు పరిమితులు పెరిగాయి. కొటేషన్ లేకుండా 2 లక్షల దాకా, కొనుగోలు కమిటీ ద్వారా 25 లక్షల దాకా కొనవచ్చు. మీది అది దాటింది కాబట్టి టెండర్ తప్పదు. కెమెరాకొక ఇండెంట్, మైక్రోస్కోపుకొక ఇండెంట్ అని విడగొట్టి పరిమితిలోకి తేవాలని మాత్రం చూడకండి. నియమాలు ఒప్పుకోవు, ఆడిట్‌లో సంజాయిషీ మీరే ఇచ్చుకోవాలి.

రెండు కవర్ల టెండర్‌లో ముందు సాంకేతిక కవరు తెరుస్తారు, అందులో నెగ్గినవాళ్ల ధరల కవర్లే తర్వాత విప్పుతారు. ఒకరిని తప్పించాలంటే కారణం టెండర్‌లో రాసిన షరతే కావాలి. ‘వాళ్ల సర్వీసు బాగుండదు’ అన్నది మీకెంత తెలిసినా చెల్లదు. సర్వీసు ముఖ్యమైతే ఫిర్యాదు చేసిన ఎన్ని రోజుల్లో ఇంజనీరు రావాలో ముందే షరతుగా పెట్టండి. వారంటీ తర్వాతి ఏళ్ల ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) ధరనూ బిడ్‌లో అడిగి, మొత్తం కలిపి పోల్చండి. లేకపోతే పరికరం చౌకగా వచ్చి మరమ్మతులకు తడిసి మోపెడవుతుంది.

వారంటీ సరుకు చేరిన రోజు నుంచి కాకుండా, బిగించి పరీక్షించి ఒప్పుకున్న రోజు నుంచి మొదలవ్వాలి. ఈ ఒక్క వాక్యం మరిచిపోతే, గదిలో ఏసీ, ఎర్తింగ్, యూపీఎస్ సిద్ధమయ్యేలోపు పెట్టె విప్పకుండానే వారంటీ కరిగిపోతుంది. సివిల్, ఎలక్ట్రికల్ పనుల ఇండెంట్ కూడా అదే వారంలో పెట్టేయండి. ఖర్చుకాని గ్రాంటు మార్చి 31తో చేజారే ప్రమాదం ఉంది కనుక ఏప్రిల్‌లోనే ఫైలు కదలాలి.

మా అబ్బాయికి ప్రైవేటు విత్తన కంపెనీలో, ప్రభుత్వ పరిశోధన సంస్థలో రెండు చోట్లా అవకాశం వచ్చింది. ప్రభుత్వ ల్యాబ్‌లో చేసే పని జనం దాకా వస్తుందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

వస్తుంది. మీ పక్కనున్న బాపట్ల సన్నాల కథే చూడండి. అక్కడ పుట్టిన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, రుచికి పేరు మోసింది గానీ బాక్టీరియా ఎండాకు తెగులుకు తట్టుకోలేదు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం), రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ కలిసి ఎక్స్‌ఏ21, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5 అనే మూడు నిరోధక జన్యువులను అందులోకి తెచ్చాయి. మెరుగుపరిచిన ఆ రకం 2008లో విడుదలైంది.

పని ఎంత ఓపికతో కూడినదో చెప్పాలి. తల్లి రకంతో నాలుగుసార్లు తిరిగి సంకరం చేశారు. ఆ తరాల్లో మొక్కకు ఒక్కో జన్యువు ఒక్క కాపీయే ఉంటుంది. ఎక్స్‌ఏ21కి అది చాలు. మిగతా రెండూ జంటగా ఉంటేనే పనిచేస్తాయి. కాబట్టి ఆకు పచ్చగా ఉన్నా ఆ రెండూ ఉన్నట్టో లేనట్టో చూసి చెప్పలేం. అందుకే ప్రతి తరంలో డీఎన్‌ఏ మార్కర్లతో (జన్యువు ఉందో లేదో చూపే డీఎన్‌ఏ గుర్తులతో) పరీక్షించి మొక్కలను ఏరాలి, గింజ సన్నదనం పోకుండానూ కాచుకోవాలి. ఇది సాగే ఏళ్లలో పేరు తెచ్చే పేపర్లు పెద్దగా రావు, కుర్రవాళ్లను కుంగదీసేది అదే. కానీ ఈ వడ్లను రైతు మళ్లీ విత్తనంగా దాచుకోవచ్చు. ఏటా విత్తనం అమ్ముకుని బతకాల్సిన కంపెనీ ఇలాంటి పనికి ఇన్నేళ్లు డబ్బు పెట్టడం కష్టం. మీ అబ్బాయికి ఇలాంటి పని మీద మనసుంటే ప్రభుత్వ ల్యాబే సరైన చోటు.

భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ పరిధిలో సైంటిస్ట్-సి ని. ఖాళీ లేకున్నా ప్రమోషన్ వస్తుందంటారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

ఫ్లెక్సిబుల్ కాంప్లిమెంటింగ్ స్కీమ్ వర్తించే పోస్టుల్లో నిజమే. సి నుంచి డి కి కనీసం నాలుగేళ్లు నిండాలి. ఆ తర్వాత మీ పోస్టునే పై స్థాయికి పెంచుతారు. అయితే వడపోత ఏపీఏఆర్ (వార్షిక పనితీరు మదింపు నివేదిక) మార్కులతోనే మొదలవుతుంది. స్వీయ నివేదికలో ‘బృందంతో కలిసి డేటా విశ్లేషించాను’ అని రాస్తే మీ వాటా ఎంతో ఎవరికీ తెలియదు. ‘సముద్రంలో తేలే కొలత పరికరాల (బాయ్) రీడింగుల్లో తప్పుడు విలువలు ఏరే ప్రోగ్రాం రాశాను, ఫలానా నెల నుంచి రోజువారీ అంచనాల్లో వాడుతున్నారు’ అనండి. మార్కులు తగ్గితే, నివేదిక మీకు చూపిన 15 రోజుల్లోగా అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వండి. మొహమాటపడి వదిలేసిన మార్కు ఇంటర్వ్యూ దాకా వెంటాడుతుంది.

ఒక కేంద్ర సంస్థ నుంచి మరో దానికి మారితే పాత సర్వీసు పోతుందా?
– ఒక పాఠకురాలు, వరంగల్

దరఖాస్తు మీ ఆఫీసు ద్వారానే పంపి, ఎంపికయ్యాక ‘టెక్నికల్ రిజిగ్నేషన్’ (మరో ప్రభుత్వ కొలువులో చేరడానికే ఇచ్చే రాజీనామా) ఇవ్వండి. అప్పుడు జీతం రక్షణ ఉంటుంది, మిగిలిన సెలవులూ వెంట వస్తాయి. రాజీనామా లేఖలో ఆ మాట స్పష్టంగా ఉండాలి. కొత్త సంస్థ స్వయంప్రతిపత్తి గలదైతే వాళ్ల నియమాలేమిటో చేరకముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.