మెత్త చూసి మురిసిపోకు, సీటు కింద చూడు

చి. చిన్నాకి మామయ్య ఆశీస్సులు.

నీ బైకు మీద నడిపేవాడి వీపుకి ఆనుకునే బ్యాక్‌రెస్టు విరిగిందని, కొత్తదాని కోసం నువ్వు పంపిన ఫొటోలు చూశాను. మూడు బ్యాక్‌రెస్టులూ చూడముచ్చటగానే ఉన్నాయి. నల్ల రెక్సిన్, ఎర్ర దారంతో కుట్లు, అంతా బాగుంది. ఒక్కదానికైనా అడుగున ఏముందో ఫొటో లేదు. అమ్మేవాడు పెట్టలేదు, నువ్వు అడగలేదు. నీ పాతది విరిగింది మెత్త దగ్గరా? కాదుగా, సీటు కింద బండికి బిగించే బ్రాకెట్ దగ్గర. మరి మెత్త చూసి కొత్తది ఎంచుకోవడం ఏమిట్రా? పై పటారం, లోన లొటారం సరుకు ఈ యాక్సెసరీల మార్కెట్లో బోలెడు.

ముందు నీ బండి ఏదో అమ్మేవాడికి సరిగ్గా చెప్పు. నీది రాయల్ ఎన్‌ఫీల్డ్ థండర్‌బర్డ్ 500. ఉత్తి థండర్‌బర్డ్ అని ఊరుకుంటే చాలదు. 2012లో వచ్చిన 350కీ 500కీ ముందు సీటు వేరు, వెనక సీటు వేరు. 2018లో వచ్చిన థండర్‌బర్డ్ ఎక్స్‌కి సీటు ఒకటే ముక్క. నడిపేవాడి బ్యాక్‌రెస్టుకి నిలువు కడ్డీ పైకి రావాల్సింది రెండు సీట్ల మధ్య సందులోంచి. ఒకటే ముక్క సీటుకి ఆ సందే ఉండదు, కాబట్టి దాని కోసం చేసిన బ్రాకెట్ నీకు పనికిరాదు. 2020లో థండర్‌బర్డ్‌ను ఆపేసి మీటియర్ తెచ్చారు. ఇంజనూ వేరు, ఛాసిస్ వేరు. ‘మీటియర్‌ది వేసేద్దాం సార్, కొంచెం గ్రైండింగ్ అంతే’ అనేవాడు కనబడితే దండం పెట్టి వచ్చెయ్. ఇంకో తిరకాసు కూడా ఉంది. థండర్‌బర్డ్ బ్యాక్‌రెస్ట్ అని వెతికితే చూపించేవాటిలో ఎక్కువ భాగం వెనక కూర్చునేవాళ్ళవి. ఫొటోలో కడ్డీ ఎక్కడినుంచి లేస్తోందో చూసుకో.

అమెరికాలో హోండా వాళ్ళ పెద్ద టూరింగ్ బైకు గోల్డ్‌వింగ్ నడిపేవాళ్ళకి ఇంత తిప్పలు లేవు. మస్టాంగ్, కార్బిన్ లాంటి సీట్ల కంపెనీలు నడిపేవాడి బ్యాక్‌రెస్టు తగిలించుకునే వీలుతోనే సీట్లు చేస్తాయి. అయినా వాళ్ళకీ 2018లో బండి మొత్తం మారాక పాత బ్రాకెట్లు కొత్తదానికి రావు. కాబట్టి ఏ సంవత్సరం, ఏ మోడల్ అన్నది నీ ఒక్కడి బాధేం కాదు.

అమ్మేవాణ్ణి మూడు అడుగు. బ్రాకెట్‌ని కింద నుంచి తీసిన ఫొటో, బోల్టు కన్నాల మధ్య దూరం, పట్టీ మందం. చెబితే ఆలోచిద్దాం. ‘ఫిట్ అవుతుంది సార్, టెన్షన్ పడకండి’ అని మాత్రమే అంటే వదిలెయ్.

నన్నడిగితే కొనడం కన్నా చేయించుకోవడమే మేలు. గాజువాక ఆటోనగర్‌లో లేత్ షాపులూ ఫ్యాబ్రికేషన్ షెడ్లూ వరసగా ఉంటాయి. కాకపోతే వెళ్ళేముందు పాతది ఎందుకు విరిగిందో చూసుకో. బ్రాకెట్‌ని కిరసనాయిలుతో బాగా తడిపి కాసేపు ఉంచు. పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, బాగా ఆరాక సుద్దముక్క తీసుకుని వెల్డింగ్ చుట్టూ రుద్దు. పగులు ఉన్నచోట లోపల దాక్కున్న కిరసనాయిలు బయటకొచ్చి తెల్ల సుద్దమీద సన్నటి తడిగీతలా కనిపిస్తుంది. షిప్‌యార్డులో దీనికి ఖరీదైన రంగులు వాడేవాళ్ళం, ఇంటిదగ్గర ఇది చాలు. ఆ గీత వెల్డింగ్ నడిమధ్య కాకుండా దాని అంచు వెంబడి కనబడుతుందని నా అంచనా. వేడికి ఇనుము గుణం మారేది అక్కడే. పది అంగుళాల ఎత్తున నువ్వు వెనక్కి వాలితే అడుగున ఉన్న ఆ అతుకు మీద గునపంతో పెకలించినట్టు బలం పడుతుంది. దానికి తోడు నీ బండిది 499 సీసీ ఒంటి సిలిండర్, హైవే ఎక్కితే వణుకుతూనే ఉంటుంది. ఆ పగులు మీదే మళ్ళీ వెల్డింగ్ కొట్టిస్తే కొన్నాళ్ళు ఆగుతుంది, తర్వాత పక్కన విరుగుతుంది.

అందుకని కొత్తది ఆరు మిల్లీమీటర్ల మందం ఫ్లాట్ పట్టీతో చేయించు. కడ్డీ అడుగున రెండు పక్కలా త్రికోణపు సపోర్టు ముక్కలు పెట్టమను. అతుకు మీద పడే బలాన్ని అవి పంచుకుంటాయి. వంపు చోట కత్తితో గీసినట్టు మడత పెట్టనివ్వకు, లోపలి వంపు కనీసం పట్టీ మందమంత గుండ్రంగా ఉండాలి. మేస్త్రీ ‘బండిమీదే పెట్టి వెల్డింగ్ టాకా వేసేద్దాం’ అంటే ఒప్పుకోకు. నీ 500కి ఫ్యూయెల్ ఇంజెక్షన్, దాన్ని నడిపే చిన్న కంప్యూటర్ ఈసీయూ ఉన్నాయి. వెల్డింగ్ కరెంటు వాటిలోంచి పోతే ఖర్చు బ్రాకెట్‌తో ఆగదు. పక్కనే సీటు ఫోమూ పెట్రోల్ ట్యాంకూ ఉన్న సంగతి వేరే చెప్పాలా? కొలత తీసుకుని, విప్పి, బల్లమీద పెట్టి చేయమను.

ఇక ఇనుమా, స్టెయిన్‌లెస్సా? నువ్వుండేది ఎంవీపీ కాలనీ, బండి నిలిపేది ఆరుబయట. ఆ సముద్రపు గాలికి గేట్లూ గ్రిల్సూ ఏమవుతున్నాయో రోజూ చూస్తూనే ఉన్నావు. 304 రకం స్టెయిన్‌లెస్‌కైనా ఉప్పుగాలికి టీ మరకల్లాంటి గోధుమరంగు చారలు పడతాయి. అది బలానికి చేటు కాదు, తుడుచుకోవచ్చు. మాలిబ్డినం కలిసిన 316 ఇంకా బాగా ఆగుతుంది, కానీ ఈ పనికి అంత ఖర్చు అక్కర్లేదు. మామూలు ఇనుమైతే జింక్ ప్రైమర్ కొట్టాకే రంగు. పౌడర్ కోటింగ్ అందంగానే ఉంటుంది గానీ ఒకచోట పెచ్చు లేచిందంటే దానికింద తుప్పు గుట్టుగా పాకుతుంది. నిలువు కడ్డీకి గొట్టం వాడితే అడుగున చిన్న కన్నం తప్పనిసరి. వాన నీళ్ళు లోపల నిలిచి గొట్టాన్ని లోపలినుంచి తినేస్తాయి, బయటికి మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది.

కొలతల దగ్గరికొద్దాం. చాలామంది ఖాళీ సీటు మీద టేపు పెట్టి కొలుస్తారు. నువ్వు కూర్చుంటే ఫోమ్ కిందికి అణుగుతుంది, కొలత అక్కడే తప్పుతుంది. కాబట్టి రైడింగ్ జాకెట్ తొడుక్కుని కూర్చో. కాళ్ళు ఫుట్‌రెస్టుల మీద, చేతులు హ్యాండిల్ మీద పెట్టు. మీ తమ్ముణ్ణి పక్కన నిలబెట్టి, నీ బెల్టు పైన నడుం లోపలికి వంగే చోటు సీటుకి ఎంత ఎత్తులో ఉందో, రెండు సీట్ల మధ్య సందుకి ఎంత ముందుగా ఉందో కొలవమను. మెత్త మధ్యభాగం రావాల్సింది అక్కడికి. భుజాల ఎముకల దాకా లేస్తే చేతులు బిగుసుకుపోతాయి. నిటారుగా కూర్చున్నప్పుడు వీపుకి తగిలీ తగలనట్టుండాలి. పూర్తిగా జారగిలబడేట్టు పెట్టించుకుంటే గుంతలో పడ్డప్పుడు దెబ్బ నేరుగా వెన్నుకి తగులుతుంది. గుంతల దగ్గర బరువు కాళ్ళమీద వేయడం అప్పుడూ తప్పదు. ఎత్తు మార్చుకోవడానికి కడ్డీకి రెండు మూడు కన్నాలు, ఒక పిన్ను పెట్టించు. చలికాలం లంబసింగి వెళ్ళేటప్పటి జాకెట్ మందం వేరు, మే నెలలో చొక్కా వేరు.

మెత్త సంగతి సులువే. సీటు కవర్లు కుట్టే ఎవరైనా చేస్తారు. పదిన్నర, పదకొండు అంగుళాల వెడల్పు, ఏడెనిమిది అంగుళాల ఎత్తు సరిపోతుంది. అడుగున చెక్క మామూలు ప్లైవుడ్ కాకుండా నీళ్ళకి ఆగే, ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై పెట్టమను. కింద ఫోమ్ ముక్కలు అతికించి చేసిన గట్టి బాండెడ్ ఫోమ్, పైన 40 డెన్సిటీ ఫోమ్. కుట్టు పై అంచున రాకూడదు, వాన నీళ్ళు దిగేది అక్కడే. వెనకవైపుకి తిప్పి కుట్టమను.

బిగించేటప్పుడు బోల్టు తలమీద అంకె చూడు. 8.8 అని ఉంటే మంచి ఉక్కు. ఏ2-70 అంటే స్టెయిన్‌లెస్, బలం కొంచెం తక్కువ, తుప్పుకి మేలు. నీ పనికి ఏదైనా చాలు, ఏ ముద్రా లేని బోల్టు మాత్రం వద్దు. స్టెయిన్‌లెస్ బోల్టుకి స్టెయిన్‌లెస్ నట్టు పొడిగా బిగిస్తే మరలు ఒకదాన్నొకటి కరుచుకుని మధ్యలో పట్టేస్తాయి, ఇక కోయడం తప్ప దారి ఉండదు. చిటికెడు గ్రీజు రాసి, వదులవకుండా లోపల నైలాన్ ఉంగరం ఉండే నైలాక్ నట్టు వేసి, నిదానంగా బిగించు. ముందు బోల్టులన్నీ వేళ్ళతో ఎక్కించి, బ్రాకెట్ తిన్నగా కూర్చున్నాకే స్పానర్ పట్టు. ఒకటి పూర్తిగా బిగించేసి రెండోదానికి కన్నం కలవలేదని సుత్తి అందుకునే అలవాటు మనవాళ్ళకి ఎక్కువ. వైర్లు ఎక్కడా నలగకుండా పక్కకి కట్టు. కింద బోల్టు మొనలు పొడుగ్గా వేలాడకూడదు. ఇద్దర్ని కూర్చోబెట్టి ఊపి, టైరు పైకొచ్చినప్పుడు దేనికీ తగలడం లేదని కళ్ళతో చూసుకో.

అసలు పరీక్ష మీ అమ్మ. అక్క ఒక పక్కకి కూర్చుంటుంది. ఎక్కేటప్పుడు చెయ్యి వేసేది ఈ కొత్త బ్యాక్‌రెస్టు మీదే, ఎంత చెప్పినా సరే. అంటే దానిమీద పడే బలం వెనక్కి కాదు, పక్కకి. పక్కబలానికి ఊగే బ్రాకెట్ ఎంత మెరిసినా దండగ. ముందుకి మడిచే కీలు ఉంటే ఎక్కడం దిగడం సులువవుతుంది, కానీ దానికి లాక్ పిన్ను లేకపోతే ఆవిడ పట్టుకోగానే ముందుకి వాలి పడుతుంది. మేస్త్రీ అడ్డం వస్తోందని వెనకవాళ్ళు పట్టుకునే హ్యాండిల్ తీసేద్దామంటే ససేమిరా అను. 1989 మోటారు వాహనాల నియమాల్లో 123వ నిబంధన ప్రకారం ఆ పట్టు, ఫుట్‌రెస్టులు, వెనక చక్రానికి చీర గార్డు ఉండి తీరాలి.

అంతా అయ్యాక బీచ్ రోడ్డులో భీమిలి దాకా తిప్పి బాగుందనుకోకు. ఆ నున్నటి రోడ్డు మీద ఏదైనా బాగానే ఉంటుంది. శృంగవరపుకోట దాటాక అనంతగిరి ఘాట్ ఎక్కు. మలుపుల్లో ఒళ్ళు పక్కలకి కదలాలి, దిగేటప్పుడు బ్రేకు వేస్తూ నడుం వెనక్కి జరపాలి. మెత్త అడ్డొస్తోందో లేదో అక్కడ తెలుస్తుంది. వచ్చాక బోల్టులన్నీ ఒకసారి సరిచూసుకో, కొత్త రంగు నలిగి కొంచెం వదులవుతాయి.

ఆటోనగర్ వెళ్ళేటప్పుడు విరిగిన బ్రాకెట్ పారేయకుండా పట్టుకెళ్ళు. కన్నాల దూరాలు అట్టముక్క మీద గీసుకుని అదీ తీసుకెళ్ళు. నేను రావాలంటే పొద్దున్నే ఫోన్ చెయ్యి, మిట్టమధ్యాహ్నం ఆ షెడ్ల రేకుల కింద నన్ను నిలబెట్టకు.

ఇట్లు,
మీ మామయ్య