మంచి మిషన్‌ను కిందికి దించండి

"మా షాపులో మూడు ఫ్లెక్స్ మిషన్లు ఉన్నాయి. ఒకే ఫైలు మూడింట్లో వేస్తే మూడు రకాల రంగులు వస్తున్నాయి. ఏ సాఫ్ట్‌వేర్ కొంటే సరిపోతుంది?" అని ఒకరు అడిగారు.

ఏదీ సరిపోదు. ముందు మీ మూడు మిషన్లలో అన్నిటికంటే నాసిగా వేసేది ఏదో తేల్చుకోండి. మిగతా రెండింటినీ దాని స్థాయికి దించండి. ఈ మాట చెబితే చాలామందికి కోపం వస్తుంది. లక్షలు పోసి కొత్త మిషన్ తెచ్చింది పాతదానిలా వేయించడానికా అంటారు. మూడింట్లో ఒకేలా రావాల్సిన పని వరకు అవును, అందుకే. కొత్త మిషన్ వేసే మెరిసే నారింజ, ముదురు నీలం పాతదాన్ని ఎంత పీడించినా రావు. పాతది వేసే రంగు మాత్రం కొత్తది తేలిగ్గా వేస్తుంది. ఎవరు ఎవరి దారికి రావాలో ఇక మీరే చెప్పండి.

నాది కడప. దసరా వస్తే ప్రొద్దుటూరు పనులతో మాకు నిద్ర ఉండదు. ఆ ఊళ్లో బంగారం అంగళ్లు ఎక్కువ, దసరా సందడీ ఎక్కువే. ఒక ఏడాది అక్కడి బంగారం షాపాయన 40 అడుగుల హోర్డింగ్ అడిగాడు. మిషన్ వెడల్పు పది అడుగులు కాబట్టి నాలుగు ముక్కలుగా వేసి జాయింట్ చేయాలి. పండగ ముందు ఎవరి మిషనూ ఖాళీ లేదు. ఆయనకు తొందర. రెండు ముక్కలు మాకిచ్చి, రెండు ఇంకో షాపుకిచ్చాడు. ఫైలు ఒకటే కదా అని ఆయన ధైర్యం. ఒక మిషన్ మీదే వేయిద్దాం, ఒక రోజు ఆగండి అని మొత్తుకున్నా వినలేదు.

రాత్రి గోడౌన్‌లో ట్యూబులైటు కింద నాలుగూ పరిచి చూశారు. బాగుందన్నారు. జాయింట్ చేసి తెల్లారేసరికి ఫ్రేముకు బిగించేశారు. ఎండ పడగానే బండారం బయటపడింది. బొమ్మలోని అమ్మాయి మెడలో పెద్ద హారం సరిగ్గా జాయింట్ మీదకు వచ్చింది. ఎడమ సగం బంగారం, కుడి సగం పచ్చగా ఇత్తడి. ఆయన నాకు ఫోన్ చేసి అన్న మొదటి మాట: "ఏమప్పా, నేను ఇత్తడి అమ్ముతున్నానని ఊరంతా చాటిస్తావా?"

పోయి చూస్తే సంగతి తెలిసింది. అవతలి షాపులో ఆ రోజు నాజిల్ చెక్, అంటే ఇంకు చిమ్మే రంధ్రాలన్నీ పనిచేస్తున్నాయా అని చూసే పట్టీ, తీయలేదు. మెజెంటా (ముదురు గులాబీ ఇంకు) నాజిళ్లు కొన్ని మూసుకుపోయాయి. బంగారం రంగంటే పసుపు నిండుగా, దాంట్లో కొంత మెజెంటా, కాస్త నలుపు. మెజెంటా తగ్గిందా, ఆకుపచ్చదనం తిరుగుతుంది. పైగా వాళ్లు వాడిన ఫ్లెక్స్ రోలు వేరు. తెల్లగా కనపడాలని దాంట్లో కలిపిన మందు ఎండలోని అల్ట్రావయొలెట్‌కు నీలంగా మెరుస్తుంది, ట్యూబులైటు కింద అంతగా తెలియదు. రెండు కంపెనీల ఇంకులైతే ఒక వెలుతురులో ఒకేలా కనపడి, ఇంకో వెలుతురులో విడిపోవడం కూడా మామూలే. చివరికి నాలుగు ముక్కలూ మా దగ్గరే, ఒకే మిషన్ మీద, ఒకే రోలు మీద మళ్లీ వేశాం. డబ్బు ఎవరివ్వాలన్న పంచాయితీ దీపావళి దాకా నడిచింది.

ఇక పద్ధతికి వస్తాను. ఫ్లెక్స్ రకం, పాస్ (ఒకే చోట హెడ్డు ఎన్నిసార్లు తిరగాలో), హీటర్ వేడి ముందుగా ఖాయం చేసుకోండి. నాజిల్ చెక్ శుభ్రంగా వచ్చాక లీనియరైజేషన్ (ఒక్కో ఇంకు లేత నుంచి ముదురు దాకా సమంగా పెరిగేలా సరిచేయడం), ఇంక్ లిమిట్ (అన్ని ఇంకులూ కలిపి ఎంత మించకూడదో), ఆ తర్వాతే ఐసీసీ ప్రొఫైల్, అంటే ఆ మిషన్ ఏ రంగు ఎలా వేస్తుందో చెప్పే ఫైలు. ఈ వరుస తప్పితే అంతా వృథా. ప్రొఫైల్ కోసం వేసే రంగు గడుల చార్టు బాగా ఆరాకే స్పెక్ట్రోతో (రంగు కొలిచే పరికరం) కొలవండి, తడి మీద రంగు వేరుగా ఉంటుంది. అన్నీ అయ్యాక నాసి మిషన్ ప్రొఫైల్‌ను మిగతా రెండింటి రిప్‌లో (ఫైలును మిషన్‌కు అర్థమయ్యేలా మార్చే సాఫ్ట్‌వేర్) సిమ్యులేషన్‌గా పెట్టండి, అంటే ఆ నాసి మిషన్‌లాగే వేయమని చెప్పండి. పక్క షాపు నుంచి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్న ప్రొఫైల్ ఎందుకూ పనికిరాదు. అది వాళ్ల మిషన్, వాళ్ల ఇంకు, వాళ్ల రోలు జాతకం. మీరు ఇంకు కంపెనీ మారిస్తే మీ సొంత ప్రొఫైల్ కూడా చెల్లదు.

డెల్టా ఈ అని భయపెడతారు. రెండు రంగుల మధ్య తేడాను చెప్పే అంకె, అంతే. జాయింట్ చేసే ముక్కల మధ్య అది 2 దాటనివ్వకండి. మా కడపలో ఏడు రోడ్ల దగ్గర ఒకటి, ఆర్టీసీ బస్టాండు దగ్గర ఒకటి కట్టే బ్యానర్లయితే 5 ఉన్నా ఎవరూ పీకి పక్కన పెట్టి చూడరు.

స్పెక్ట్రో లేదా? సయాన్ (ఆకాశ నీలం ఇంకు) 50 శాతం, మెజెంటా 40, ఎల్లో 40 కలిపిన బూడిద రంగు పట్టీ మూడు మిషన్ల మీదా వేయండి. కత్తిరించి, పొద్దున పదింటికి అంగడి బయట నీడలో పక్కపక్కన పెట్టండి. ఏది ఎర్రగా పోతోందో, ఏది ఆకుపచ్చగా పోతోందో కన్నే చెబుతుంది. బూడిదలో తేడాను కన్ను పట్టినంత బాగా ఇంకే రంగులోనూ పట్టదు.

మిషన్ గదికి ఏసీ లేకుండా రంగు గురించి మాట్లాడొద్దు. మే నెలలో మా ఊళ్లో 42, 43 డిగ్రీలు. వేడికి ఇంకు పలచబడుతుంది, చుక్క సైజు మారుతుంది, పొద్దున వేసిన ముక్కకు మధ్యాహ్నం ముక్క కలవదు. 2022లో రాష్ట్రంలో ఫ్లెక్సీల మీద నిషేధం ప్రకటించి గుడ్డ మీద వేసుకోమన్నప్పుడు కూడా ఇదే గోల. గుడ్డ ఇంకు పీలుస్తుంది, అన్నీ మళ్లీ మొదటి నుంచి కొలవాలి. ఆ ఖర్చు ఎవరూ లెక్కేయలేదు.

అసలు సగం తగాదాలు మిషన్లవి కావు. పుట్టినరోజు ఫ్లెక్సీకి వాట్సాప్‌లో నలిగిపోయిన ఫొటో పంపి, అన్న ముఖం నల్లగా వచ్చిందని రాత్రి పదకొండుకు వచ్చి నిలబడతారు. ఫోన్ వెలుతురు పూర్తిగా పెంచి "ఈ రంగే కావాలి" అని చూపిస్తారు. స్క్రీన్ వెలుగుతుంది, ఫ్లెక్సీ వెలగదు, ఎంత చెప్పినా ఎక్కదు. చదరపు అడుగుకు ఒక రూపాయి తగ్గితే పక్క షాపుకు పోయేవాళ్లే రంగు దగ్గర పట్టు చీర బేరంలా పట్టుబడతారు. అందుకే బంగారం షాపులు, చీరల షాపుల పని వస్తే మేం ముందు అడుగు ముక్క వేసి, బయట వెలుతురులో చూపించి, దాని వెనక సంతకం పెట్టించుకుంటాం. పెట్టనంటే మర్యాదగా పక్క షాపుకు దారి చూపిస్తాం.